ఓటీపీ కువైట్‌కి వెళ్లింది: విలేజ్ క్లినిక్‌లో నా మొదటి ఏడాది

2022 జూన్‌లో రాయచోటి వైపు ఒక పల్లెలో ఎంఎల్‌హెచ్‌పీగా, అంటే ఊరి క్లినిక్ చూసుకునే నర్సుగా చేరాను. అంతకుముందు బీఎస్సీ నర్సింగ్, కొన్నాళ్లు ప్రైవేటు ఆసుపత్రి వార్డులో పని, తర్వాత ఆరు నెలల సర్టిఫికెట్ కోర్సు. ఆ ఆరు నెలల్లో కాన్పులు, టీకాలు, బీపీ, షుగర్, పాముకాటు అన్నీ చెప్పారు. క్లినిక్‌లో ఫోన్‌ మీద వాడాల్సిన యాప్‌ల సంగతి అడిగితే మాత్రం పోస్టింగ్ వచ్చాక ట్రైనింగ్ ఇస్తారులే అన్నారు. పోస్టింగ్ వచ్చింది, ట్రైనింగూ అయింది. అసలు నేర్చుకోవడం ఆ తర్వాత మొదలైంది. కొత్తగా చేరుతున్న అమ్మాయిలు ఫోన్ చేసి అడిగేది ఎక్కువగా ఈ యాప్‌ల గురించే కాబట్టి, ఏడాది నిండాక, 2023లో, జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

జులై రెండో వారంలో జిల్లా కేంద్రంలో ట్రైనింగ్ అని వాట్సాప్ గ్రూపులో మెసేజ్ పడింది. ఉదయం పదింటికి రమ్మన్నారు. మొదటి బస్సు పట్టుకుని వెళ్తే హాలు తాళం తీసేసరికి పదకొండైంది. వంద మందికి పైగా ఉన్నాం, కుర్చీలు చాలక కొందరు గోడకి ఆనుకుని నిలబడ్డారు. ప్రొజెక్టర్ మీద యాప్ ఫొటోలు ఒకదాని తర్వాత ఒకటి వెళ్తున్నాయి. ఇక్కడ నొక్కండి, ఇక్కడ పేరు, ఇక్కడ ఊరు, చివర్లో సబ్మిట్. చెప్పిన అబ్బాయి ఓపికున్నవాడే. ప్రతి స్లైడ్ చివర 'చాలా ఈజీ మేడం' అనేవాడు. నెట్ లేకపోతే ఎలాగని వెనక నుంచి ఎవరో అడిగితే, నెట్ ఉన్నచోటికి వెళ్లి చేయండన్నాడు. హాలంతా నవ్వారు, తనూ నవ్వాడు. మధ్యాహ్నం సాంబారన్నం పొట్లాలు ఇచ్చారు. భోజనాలయ్యాక ఈ-సంజీవని (ఫోన్‌లో డాక్టరుకి చూపించే యాప్), ఆభా (ఆరోగ్య ఖాతా నంబర్), ఎన్‌సీడీ యాప్ (బీపీ, షుగర్ లాంటి జబ్బుల సర్వే) మూడూ కలిపి రెండు గంటల్లో అయిపోయాయి. హాజరు పట్టీలో సంతకం పెట్టి బస్సెక్కాం. ఆ రోజు మాలో ఎవరి దగ్గరా లాగిన్ లేదు. ఒక్క కాల్ అయినా చేసి చూసినవాళ్లు లేరు.

లాగిన్ ఆగస్టు మొదట్లో వచ్చింది. తెరిచి చూస్తే నా పేరు పక్కన వేరే మండలంలోని సబ్‌సెంటర్, అంటే వేరే ఊరి క్లినిక్ ఉంది. దాన్ని మార్చాలంటే పీహెచ్‌సీ (ప్రాథమిక ఆరోగ్య కేంద్రం) నుంచి లెటర్ పెట్టాలి, అది జిల్లాకి పోవాలి, అక్కడి నుంచి ఇంకెక్కడికో. దాదాపు మూడు వారాలు పట్టింది. ఈలోగా రోజూ సాయంత్రం గ్రూపులో పెట్టే పట్టికలో నా క్లినిక్ ఎదురుగా సున్నా, దానికి ఎర్రరంగు. చేయలేకపోవడానికి కారణం అందరికీ తెలుసు. అయినా ఆ ఎరుపులో నా ఊరి పేరు చూస్తే అన్నం సయించేది కాదు. లాగిన్ వచ్చిన రోజే ఊరు, సబ్‌సెంటర్, మొబైల్ నంబర్ మూడూ సరిచూసుకోండి. తప్పుంటే స్క్రీన్‌షాట్ తీసి తేదీ వేసి పంపండి. నోటిమాటగా చెప్పింది ఎవరికీ గుర్తుండదు.

ఖర్చుల సంగతి ఎవరూ ముందు చెప్పరు. మా ఊళ్లో ఒక నెట్‌వర్క్ క్లినిక్ లోపల అందుతుంది, ఇంకోటి చెరువుగట్టు వైపు ఇళ్లలో అందుతుంది. కాబట్టి రెండు సిమ్‌లు తప్పవు. అప్పట్లో ఒక్కోదానికి నెలకి 240 రూపాయల దాకా రీచార్జి అయ్యేది. మైకున్న ఇయర్‌ఫోన్ 450. కరెంటు పోతే ఫోన్ మధ్యాహ్నానికే చచ్చిపోతుంది కాబట్టి పవర్ బ్యాంక్ 1,100. క్లినిక్‌లో ప్రింటర్ లేదు. మందుల చీటీ కాగితం మీద చేతిలో ఉంటేగానీ ముసలివాళ్లకి వైద్యం జరిగినట్టు ఉండదు, అందుకని ఫోన్‌లో వచ్చింది చూసి నేనే చేత్తో రాసిచ్చేదాన్ని. ట్రైనింగ్‌కి వెళ్లొచ్చిన బస్సు చార్జీలు సంక్రాంతి దాటాక వచ్చాయి. వచ్చాయిగా అని సంతోషించాను.

మొదటి టెలీ కన్సల్టేషన్ ఆగస్టు చివర్లో. వీపంతా దురదతో వచ్చిన ఒక పెద్దాయన. పేరు, వయసు, బీపీ, జబ్బు ఎక్కించి డాక్టర్ల వరసలో నిలబడ్డాను. పది నిమిషాలైంది, ఇరవై అయింది. ఆయన ఒకసారి నన్ను, ఒకసారి బయట కట్టేసిన మేకల్ని చూస్తున్నాడు. 'అమ్మా, ఆ డాక్టరు బువ్వ తింటాండాడేమో, మల్లా వస్తాలే' అని లేచాడు. బతిమాలి కూర్చోబెట్టాను. ముప్పావు గంటకి కాల్ కలిసింది. వీడియోలో ఆయన వీపు అంతా ఒకే నల్లటి మరకలా కనిపిస్తోందట. డాక్టరు గారు ఫొటోలు తీసి పెట్టమన్నారు. ట్యూబ్‌లైట్ కింద తీస్తే మెరుపు పడుతోంది, బయట ఎండలో తీస్తే తెల్లగా వెలిసిపోతోంది. చివరికి కిటికీ పక్కన, ఎండ నేరుగా పడనిచోట నిలబెట్టి, ఒకటి దూరం నుంచి, ఒకటి దగ్గర నుంచి, పక్కన స్కేలు పెట్టి తీశాను. అప్పుడు తామర అని తేల్చారు. ఇంట్లో ఇంకెవరికైనా ఉందా అని అడిగారు. ఉంది, మనవడికి. తర్వాత చర్మం కేసులన్నిటికీ ఆ కిటికీయే. దురద, మచ్చ, పుండు అంటే కాల్ కలిపేముందే ఫొటోలు సిద్ధంగా ఉంచుకోవడం అలవాటైంది.

నన్ను నిజంగా మార్చింది సెప్టెంబరులో ఒక కాల్. అరవై దాటిన ఒక పెద్దమ్మకి కాళ్ల వాపులు. హబ్‌లో, అంటే ఫోన్‌కి అవతల డాక్టర్లు కూర్చునే చోట, ఉన్నది ఒక డాక్టరమ్మ, గొంతులో తొందర లేదు. కాళ్లు వాచాయని చెప్పగానే వరసగా అడగడం మొదలుపెట్టింది. రెండు కాళ్లూనా, ఒకటేనా? మడమ పైన బొటనవేలితో నొక్కి పట్టుకోండి, గుంట పడుతోందా, ఎంతసేపటికి నిండుతోంది? రాత్రి వెల్లకిలా పడుకుంటే ఆయాసం వస్తోందా, ఎన్ని దిండ్లు పెట్టుకుంటోంది? నొప్పి మాత్రలు ఏమైనా కొనుక్కుని మింగుతోందా? నేను నొక్కి, చూసి, అడిగి చెబుతున్నాను. ఆవిడ చేతులు ఇక్కడ లేవు, నా చేతులతో రోగిని పట్టి చూస్తోంది. నాకు ఆ క్షణంలో భయమూ వేసింది, గర్వంగానూ అనిపించింది. వార్డులో డాక్టరు వచ్చి తనే చూసుకునేవారు, నేను పక్కన ఫైలు పట్టుకుని నిలబడేదాన్ని. ఇక్కడ నేను చూడనిది ఆవిడకి కనపడదు.

చివర్లో ఆవిడ ఒక మాట చెప్పింది. 'సిస్టర్, కాల్ కలిశాక మొదటి నిమిషంలో నాకు ఇవి ఇవ్వండి. వయసు, ఏ బాధ, ఎన్నాళ్లుగా, బీపీ, పల్స్, ఇప్పటికే వాడుతున్న మందులు, మీకు ఏం అనుమానం. ఆ ఆఖరుది తప్పకుండా చెప్పండి.' మీ అనుమానం ఏమిటని నర్సుని ఒక డాక్టరు అడగడం నా ఉద్యోగంలో అదే మొదటిసారి. చిన్న నోట్‌బుక్ కొని, ప్రతి కాల్‌కి ముందు ఈ వరసలో రాసుకోవడం మొదలుపెట్టాను. కాల్ సమయం సగానికి సగం తగ్గింది. సిగ్నల్ మధ్యలో పోయినా మొదటి నిమిషంలోనే కీలకమైనవి చెప్పేసి ఉంటాను. వందమందిని హాల్లో కూర్చోబెట్టి బటన్లు చూపించే బదులు, ఇద్దరిద్దరిని ఎదురెదురుగా కూర్చోబెట్టి ఈ ఒక్క నిమిషం సాధన చేయించి ఉంటే చాలని నా అభిప్రాయం.

ఇక ఆభా. పద్నాలుగు అంకెల నంబర్. ఎక్కడ చూపించుకున్నా పాత రికార్డులు దీనికి జోడించుకోవచ్చని, ఊళ్లో అందరికీ చేయాలని చెప్పారు. ఆధార్‌కి లింకైన ఫోన్‌కి ఓటీపీ వస్తుంది, అది కొడితే నంబర్ వస్తుంది. ట్రైనింగ్‌లో ఇది ఒక్క స్లైడ్. మా వైపు ఇంటికొకరు కువైట్‌లో ఉంటారు. ఆధార్‌కి ఇచ్చిన నంబరేమో ఇంటి మగమనిషిది. 'ఆ నంబరు మా ఆయనది మేడం, ఆయన ఆడుండాడు కదా' అంటుంది ఆమె. ఇక్కడ ఆమె ఆధార్ కొడితే ఓటీపీ కువైట్‌లో మోగుతుంది. పది నిమిషాల్లో చెప్పాలి. ఆయన హౌస్ డ్రైవర్, అరబ్బు వాళ్ల పిల్లల్ని బడిలో దింపుతూ ఉంటాడు, ఫోన్ ఎత్తడు. కొందరి ఇండియా సిమ్ రీచార్జి లేక ఎప్పుడో ఆగిపోయింది.

దీనికి దారి మా ఏఎన్ఎం అక్క చూపించింది. ఇరవై ఏళ్లకి పైగా అదే ఊళ్లు తిరిగిన మనిషి. అక్కడ శుక్రవారం సెలవు, శుక్రవారం చూసుకుందాం అంది. మనకీ వాళ్లకీ రెండున్నర గంటల తేడా. మన పదింటికి ఫోన్ చేస్తే అక్కడ ఏడున్నర, సెలవు రోజు నిద్రలో ఉంటారు. మన పదకొండున్నరకి చేస్తే లేచి ఉంటారు, జుమ్మా నమాజుకి ఇంకా వెళ్లరు. ఆ కాస్త సమయంలో ఎన్ని ఇళ్లయితే అన్ని. ముందురోజే ఆశా వెళ్లి ఆడవాళ్లతో చెప్పి, వాళ్ల చేత మగవాళ్లకి వాట్సాప్ వాయిస్ పెట్టించేది. ఓటీపీ చదివి చెప్పాక 'మా అమ్మకి షుగర్ ఎంతుంది సిస్టర్?' అని అటువైపు నుంచి అడిగేవాళ్లు. రెండు నిమిషాల పని పావుగంట అయ్యేది. నాకు ఆ శుక్రవారాలు ఇష్టంగానే ఉండేవి.

ఒక ఇంట్లో అత్తమ్మ ఒప్పుకోలేదు. 'ఓటీపీ ఎవురికీ చెప్పగాకండి అని టీవీలో రోజూ చెప్తాండారు. నీకెందుకు చెప్పల్ల?' అంది. కోడలు సిగ్గుపడి సర్దిచెప్పబోయింది. అత్తమ్మ మాటే న్యాయం. ఆ రోజు ఫోన్ ఆమె చేతికే ఇచ్చి, వచ్చిన మెసేజ్ పూర్తిగా చదివి వినిపించి, అంకెలు కోడలి చేత కొట్టించాను. నాకు వినిపించక్కర్లేదన్నాను. తర్వాత అన్ని ఇళ్లలో అదే పద్ధతి పెట్టుకున్నాను. ఎంట్రీకి రెండు నిమిషాలు ఎక్కువ పడుతుంది, పట్టనీ. వేలిముద్ర దారి కూడా ఉంది గానీ వేరుశనక్కాయలు పీకి, కట్టెలు కొట్టి అరిగిపోయిన వేళ్లు మెషిన్‌కి ఆనవు. తడిగుడ్డతో తుడిచి వేలు మార్చి చూస్తే కొందరికి పడేది, కొందరికి ఎన్నిసార్లు పెట్టినా పడేది కాదు.

ఎన్‌సీడీ సర్వే అక్టోబరులో ఊపందుకుంది. 30 ఏళ్లు దాటినవాళ్లందరికీ ప్రశ్నల ఫారం, బీపీ, షుగర్, నోటి పరీక్ష, ఆడవాళ్లకి రొమ్ము, గర్భాశయ ముఖద్వార పరీక్షలు. ఫారంలో పొగాకు, మందు, నడుం చుట్టుకొలత, కుటుంబంలో షుగర్ ఉందా లాంటివి అడగాలి. ఆ జవాబులకి వచ్చే స్కోరు నాలుగు దాటితే ముందు వాళ్లని చూడాలి. యాప్‌లో ఇది నాలుగు నిమిషాల పనిలా కనిపిస్తుంది. వీధి అరుగు మీద పదిమంది ముందు ఒకాయన్ని మందు తాగుతావా అని అడిగి చూడండి. తాగడు. ఎవరూ తాగరు. భార్యేమో వెనక నుంచి తల ఊపుతుంది. నడుం కొలవడానికి ఆడవాళ్లని లోపలికి తీసుకెళ్లాలి, లోపల మంచం మీద మామగారు పడుకుని ఉంటారు. ఇలాంటివి ఆశా దగ్గర నేర్చుకున్నాను. ఆమె ముందు పిల్లల గురించి, పంట గురించి మాట్లాడి, టేపు తీసేసరికి వాళ్లే చేతులెత్తి నిలబడేలా చేసేది.

టెన్షన్ మాత్రం సాయంత్రాలే. ఈ రోజు ఎన్ని ఎంట్రీలు అని ఐదింటికి మెసేజ్. యాప్‌లో ఒక గడి ఖాళీగా ఉంటే ముందుకి కదలదు. ఇంట్లో మనిషి లేకపోయినా, మెషిన్ బ్యాటరీ అయిపోయినా గడికి అంకె కావాలి. ఒక సమావేశంలో పీహెచ్‌సీ డాక్టరు గారు రెండు సబ్‌సెంటర్ల లిస్టు పేర్లు లేకుండా చూపించారు. ఒక వీధి మొత్తానికి 120/80. 'ఇంత ఆరోగ్యమైన వీధి ఉంటే నేనూ అక్కడ ఇల్లు అద్దెకి తీసుకుంటా' అన్నారు. నవ్వాం గానీ లోపల అందరికీ గుచ్చుకుంది. ఆ తర్వాత ఆయన కోపం చేయకుండా అరగంట బీపీ తీయడం మళ్లీ నేర్పారు. ఐదు నిమిషాలు కూర్చోబెట్టాలి, కాళ్లు నేలకి ఆనాలి, లావు చేతికి పెద్ద కఫ్ కట్టాలి, ఎక్కువొస్తే ఇంకోసారి చూడాలి. నాకు దొరికిన డిజిటల్ ట్రైనింగుల్లో మంచిది ఏదని అడిగితే ఆ అరగంటే అంటాను. అందులో ఫోన్ ఊసే లేదు.

యాప్ ఎప్పుడు వాడకూడదో కూడా ఎవరూ చెప్పలేదు. నవంబరులో ఒక మధ్యాహ్నం టమాటా తోటలో పని చేస్తున్న మనిషిని బండి మీద తెచ్చారు. చెమటలు, దవడ దాకా పాకిన నొప్పి, చొక్కా తడిసి అంటుకుపోయింది. ఈ-సంజీవని తెరవలేదు. 108కి ఫోన్ చేసి, ఇంకో ఫోన్‌లో పీహెచ్‌సీ డాక్టరు గారిని పట్టుకుని ఆయన చెప్పినట్టు ఆస్పిరిన్ నమిలించాను. అంబులెన్స్ వచ్చేదాకా పల్స్ చూస్తూ కూర్చున్నాను. తిరుపతి తీసుకెళ్లారు, స్టెంట్ వేశారు, ఇప్పుడు తోట పనికి కొడుకుని పంపి తను గట్టు మీద కూర్చుంటున్నాడు. ఆ వారం సమీక్షలో ఈ కేసు టెలీ లెక్కలో ఎందుకు రాలేదని ఒకరు అడిగారు. నేను నోరు తెరిచేలోపే డాక్టరు గారు సమాధానం చెప్పారు. ఆయన ఆ రోజు లేకపోయి ఉంటే నేను అంత ధైర్యంగా చెప్పగలిగేదాన్నో లేదో.

ఫోన్‌లో ఇవ్వకూడని మందులుంటాయన్నదీ పని చేస్తుండగానే తెలిసింది. నిద్రమాత్రలకి అలవాటు పడిన ఒకావిడ పాత చీటీ తెచ్చి, అవే ఆల్ప్రాజోలం రాయించమంది. 2020 మార్చిలో వచ్చిన టెలీమెడిసిన్ మార్గదర్శకాల ప్రకారం మత్తుమందుల చట్టం కిందికి వచ్చేవి ఫోన్‌లో రాయడానికి లేదని డాక్టరు గారు కుదరదన్నారు. ఆవిడకి కోపం నా మీద. డాక్టరు తెరలో ఉన్నాడు, నేను ఎదురుగా ఉన్నాను మరి. తర్వాత ఆ పత్రం డౌన్‌లోడ్ చేసుకుని, మాకు పనికొచ్చే నాలుగు పేజీలు తెలుగులో రాసుకుని గోడకి అంటించాను. 'నేను కాదమ్మా, ఇదిగో రూలు' అని చూపించడానికి బాగా పనికొస్తోంది.

ఇంకోటి, పెళ్లికాని ఒక అమ్మాయి తెల్లబట్ట అవుతోందని మెల్లగా చెప్పింది. తలుపు వేసి, ఇయర్‌ఫోన్ ఒకటి తనకి, ఒకటి నాకు పెట్టి, కెమెరా ఆపి మాట్లాడించాను. వివరాలు ఎక్కించేటప్పుడు ఫోన్ నంబర్ చెప్పింది. ఎవరిదని అడిగితే అన్నది అంది. ఆగిపోయాను. తనది లేదు, అమ్మది ఉంది. అమ్మకి చెప్పొచ్చా అంటే తలూపింది. ఆ గడిలో నంబర్ కొట్టేముందు అది ఎవరిదని అడగడం అప్పటి నుంచి మానలేదు.

2022 అక్టోబరు 21న రాష్ట్ర ప్రభుత్వ ఫ్యామిలీ డాక్టర్ పథకం ట్రయల్ రన్ మొదలయ్యాక మా పని తీరే కొంత మారింది. నెలకి రెండుసార్లు డాక్టరు 104 సంచార వైద్య బండితో ఊళ్లోకే వస్తున్నారు. 2023 ఏప్రిల్ 6న అధికారికంగా మొదలయ్యేసరికి మా ఊరికి అది అలవాటైపోయింది. డాక్టరు వస్తాంటే మళ్లీ ఫోన్ ఎందుకని జనం అడిగారు. ఆ అడగడంలో న్యాయం ఉంది. మామూలు బీపీ, షుగర్ వాళ్లు ఆ రోజుకే ఆగుతున్నారు. చర్మం, చెవి, పిల్లల జ్వరం, స్పెషలిస్టు అవసరమైనవి ఫోన్‌లో. నాకు లాభం ఏమిటంటే, ఫోన్‌లో చూసిన మనిషిని పదిహేను రోజుల్లో డాక్టరు స్వయంగా చూస్తారు. నేను చెప్పిన వాపు వాపేనా, నేను విన్న గురక గురకేనా అని పక్కనుండి సరిచూసుకుంటున్నాను. కాళ్ల వాపుల పెద్దమ్మ కూడా ఈ డాక్టరు గారి దగ్గరికే వస్తోంది, నొప్పి మాత్రలు మానేసింది.

ఏడాది అయింది. పక్క సబ్‌సెంటర్‌కి కొత్తమ్మాయి వచ్చింది, ఆమె లాగిన్ ఇంకా రాలేదు. పోయిన వారం యాప్ అప్‌డేట్ అయి, రెండు బటన్లు చోటు మారాయి. మళ్లీ ట్రైనింగ్ అంట, వచ్చే గురువారం, అదే హాలు. ఈసారి అడగాల్సినవి రాసుకున్నాను. సిగ్నల్ లేకుండా ఎక్కించి తర్వాత పంపే వీలు ఎప్పుడొస్తుంది? మనిషి ఇంట్లో లేకపోతే ఆ గడిలో 'దొరకలేదు' అని పెట్టనిస్తారా? కేసు చెప్పే సాధన ఒక గంట పెడతారా? పాత లాగిన్‌లు ఉన్నవాళ్లం కొత్తవాళ్ల పక్కన కూర్చోవచ్చా? కాగితం ఏఎన్ఎం అక్కకి చూపిస్తే చివర్లో తన చేత్తో ఇంకోటి చేర్చింది. బస్సు చార్జీలు అదే రోజు ఇస్తారా?